బండికి కాగితాలున్నాయి, మరి చోటుకు? ఫుడ్ ట్రక్కుల నిబంధనలపై తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇల్లు పదకొండేళ్ల పాటు టిఫిన్ బండి మీదే నడిచింది. మొదట తోపుడు బండి, తర్వాత వంటగదిగా మార్చుకున్న చిన్న ట్రక్కు. ఇప్పుడు బండి లేదు. అయినా కొత్తగా ఫుడ్ ట్రక్ పెట్టాలనుకునేవారు కాగితాల సంగతి అడగడానికి ఇంటికి వస్తూనే ఉంటారు. దాదాపు అందరూ అవే ప్రశ్నలు అడుగుతారు కాబట్టి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పట్టణాలను దృష్టిలో పెట్టుకుని జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను.

ఫుడ్ ట్రక్ పెట్టడానికి ఏ లైసెన్సు తీసుకోవాలి?

ఇది తీసుకుంటే చాలు అని చెప్పగలిగే ఒకే ఒక్క లైసెన్సు లేదు. బండి సంగతి రవాణా శాఖది. వంట సంగతి ఆహార భద్రత విభాగానిది. వ్యాపారం, నిలబడే చోటు మునిసిపాలిటీవి. రోడ్డు మీద రాకపోకలు ట్రాఫిక్ పోలీసులవి. ఒకరిచ్చిన కాగితం మరొకరి దగ్గర పనికిరాదు. చాలామంది మొదటి రెండూ తెచ్చుకుని, ఇక అన్నీ ఉన్నాయనుకుని, రోడ్డు పక్కన బండి నిలుపుతారు. మూడో రోజో నాలుగో రోజో ఎవరో వచ్చి ‘ఇక్కడ పెట్టడానికి ఎవరు అనుమతి ఇచ్చారు?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకు ఆర్సీ జవాబు కాదు, ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కూడా జవాబు కాదు. ఈ వ్యాపారంలో కష్టమంతా చోటు దగ్గరే ఉంది. అందుకే బండి కొనడానికి ముందు చోటు చూసుకోమని వచ్చినవారందరికీ చెబుతాను.

తోపుడు బండికీ ఫుడ్ ట్రక్కుకూ చట్టం దృష్టిలో తేడా ఉందా?

వీధి వ్యాపారుల జీవనోపాధి పరిరక్షణ కోసం పార్లమెంటు 2014లో ఒక చట్టం చేసింది. అది ఆ ఏడాది మే 1 నుంచి అమల్లోకి వచ్చింది. వీధిలో గాని, కాలిబాట మీద గాని, బహిరంగ స్థలంలో గాని తాత్కాలిక కట్టడం నుంచి లేదా ఒకచోటి నుంచి మరోచోటికి తిరుగుతూ అమ్మేవారంతా వీధి వ్యాపారులేనని అది చెబుతుంది. ఆహార పదార్థాలు అమ్మేవారూ అందులో ఉన్నారు. బండికి ఇంజిన్ ఉండకూడదని ఆ నిర్వచనంలో ఎక్కడా లేదు.

కానీ ఆ చట్టం ఎవరి కోసం పుట్టిందో గుర్తుంచుకోవాలి. రెక్కాడితే గాని డొక్కాడని మనిషి కోసం పుట్టింది. అందుకే వీధిలో అమ్ముకోవడానికి ఈ చట్టం కింద ఇచ్చే ధ్రువపత్రం తీసుకునేవారు కొన్ని హామీలు ఇవ్వాలి. వ్యాపారం తానే చేయాలి, లేదా కుటుంబ సభ్యుల చేత చేయించాలి. దానికి మించి మరో జీవనాధారం ఉండకూడదు. ధ్రువపత్రాన్ని అద్దెకిచ్చినా, మరొకరికి బదలాయించినా చెల్లదు. భార్యాభర్తలు కలిసి నడిపే చిన్న ట్రక్కు ఈ గీతలో ఇముడుతుంది. పెట్టుబడి పెట్టి, జీతానికి మనుషులను కుదుర్చుకుని, నాలుగు కూడళ్లలో నాలుగు ట్రక్కులు నడిపే సంస్థ ఇమడదు. దాన్ని హోటల్ అందామంటే గోడలు లేవు, వీధి వ్యాపారి అందామంటే యజమాని వీధిలో ఉండడు. ఆ మధ్యనున్న ఖాళీలోనే మన ఫుడ్ ట్రక్కుల్లో సగం నిలబడి ఉన్నాయి.

నేను కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాను. శని, ఆదివారాల్లో ట్రక్ నడపాలనుకుంటున్నాను. వీధి వ్యాపారి ధ్రువపత్రం వస్తుందా?

రాదు. మరో జీవనాధారం లేదని హామీ ఇవ్వాలని పైన చెప్పాను కదా, అబద్ధపు హామీతో తీసుకుంటే రద్దు చేసే అధికారం మునిసిపాలిటీకి ఉంది. పైగా అలా తీసుకున్న ప్రతి కార్డూ నిజంగా వీధినే నమ్ముకున్న ఒకరి చోటును తినేస్తుంది. మీరు ప్రైవేటు స్థలం చూసుకుని, మునిసిపాలిటీ ఇచ్చే వ్యాపార అనుమతి, అంటే ట్రేడ్ లైసెన్సు దారిలో వెళ్లండి.

ధ్రువపత్రం ఎవరిస్తారు? ఎలా?

మునిసిపాలిటీ ఇస్తుంది. దానికి వెనుక టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. కమిషనర్ అధ్యక్షుడు. సభ్యుల్లో కనీసం 40 శాతం వీధి వ్యాపారులు తమలో నుంచి ఎన్నుకున్నవారు కావాలి, అందులో మూడో వంతు మహిళలు. ఈ కమిటీ కనీసం అయిదేళ్లకోసారి సర్వే చేయాలి. సర్వేలో గుర్తించినవారందరికీ ఆ ప్రాంతంలో చోటు చూపాలి, అయితే వార్డు లేదా పట్టణ జనాభాలో రెండున్నర శాతం దాటకూడదన్నది పరిమితి. లక్ష జనాభా ఉన్న పట్టణమైతే 2,500 మంది. చెప్పులు కుట్టేవారి నుంచి పూలమ్మేవారి వరకు అందరూ ఆ లెక్కలోనే ఉంటారు.

మన రెండు రాష్ట్రాల్లో ఈ సర్వేలు, గుర్తింపు కార్డుల పని చాలావరకు మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సిబ్బంది చేతుల మీదుగా జరుగుతుంది. మునిసిపల్ కార్యాలయంలో మెప్మా విభాగం ఎక్కడో అడిగి, ముందు అక్కడికి వెళ్లండి. ట్రక్కు గురించి మాట్లాడేటప్పుడు ‘తిరుగుతూ అమ్మే వ్యాపారి’ అనే తరగతిలో నమోదు చేయమని స్పష్టంగా అడగండి. స్థిరంగా ఒకేచోట ఉండేవారు, తిరిగేవారు అని చట్టం విడిగా చెప్పింది. దరఖాస్తులో ఆ గడి ఖాళీగా వదిలేస్తే తర్వాత దిద్దించుకోవడం పెద్ద పని.

ఎక్కడ నిలపవచ్చు, ఎక్కడ నిలపకూడదు?

పట్టణాన్ని మూడు రకాల ప్రాంతాలుగా (జోన్లుగా) విడదీయాలి: ఆంక్షలు లేనివి, ఆంక్షలతో అనుమతించేవి, అసలు అమ్మకూడనివి. వాడుకలో వీటిని పచ్చ, పసుపు, ఎరుపు అంటారు. ఎరుపు చోట ధ్రువపత్రం ఉన్నా అమ్మే హక్కు లేదు. పసుపు చోట వేళలుంటాయి, వేళ అయిపోగానే సామాను తీసేయాలి.

చట్టంలో నాకు చాలా విలువైనదిగా తోచే మాట ఒకటుంది: సహజ మార్కెట్. కొనేవారు, అమ్మేవారు ఏళ్ల తరబడి కలుసుకుంటున్న చోటును నిషేధిత ప్రాంతంగా ప్రకటించకూడదు. ఆసుపత్రి ఎదుట తెల్లవారుజామున ఇడ్లీ అమ్మేవారు, బస్టాండు పక్కన రాత్రి పదకొండు దాటాక కూడా అట్టు వేసేవారు ఎవరి పటంలోనూ లేకుండానే ఒక మార్కెట్‌ను తయారుచేశారు. ఆ సంగతి పటం గీసేవారు తెలుసుకోవాలి. నిన్న వచ్చిన ట్రక్కు మాత్రం ఈ మాటను కవచంగా వాడుకోలేదు.

వ్యాన్ కొన్నాను. వంటగదిగా మార్పించుకోవచ్చా?

మార్పించుకోవచ్చు, కానీ రవాణా శాఖకు తెలియకుండా కాదు. ఆర్సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నిషేధిస్తుంది. అనుమతి లేని ప్రతి మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. సరుకు రవాణా బండిగా కొన్నదాని పక్క రేకు కోసి, కిటికీ తీసి, లోపల పొయ్యి బిగించాక అది సరుకు బండి కాదు. కేంద్రం ప్రకటించిన రవాణా వాహనాల జాబితాలో ‘మొబైల్ క్యాంటీన్’ అనే తరగతి విడిగా ఉంది. ఆ తరగతిలోకి మార్పించుకోవాలి. రవాణా వాహనం కాబట్టి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కూడా ఉండాలి, ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా.

బాడీ కట్టే షెడ్డులో ‘ఆర్సీ సంగతి తర్వాత చూసుకోవచ్చు’ అంటారు. వినకండి. ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ మొదట చూసేది ఆర్సీకీ బండికీ పొంతన ఉందా అనే.

ఇంటి గ్యాస్ బండ వాడవచ్చా?

వాడకూడదు. 14.2 కిలోల బండ ఇంటి వంటకే. వ్యాపారానికి 19 కిలోల వాణిజ్య బండ తీసుకోవాలి. తనిఖీలో ఇంటి బండ కనిపిస్తే స్వాధీనం చేసుకుంటారు.

అయితే జరిమానా కంటే పెద్ద సంగతి మరొకటి ఉంది. వంట గ్యాస్ గాలి కంటే బరువు. కారితే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. ఇంట్లో గది పెద్దది, తలుపుంటుంది. ట్రక్కులో మీ కాళ్ల కింద ఆరడుగుల రేకు మాత్రమే. అందుకని బండ ఉంచే అరకు గాలి రంధ్రాలు అడుగున ఉండాలి, పైన కాదు. మా ట్రక్కు కట్టించినప్పుడు మిస్త్రీ అందంగా పైన జాలీ పెట్టాడు. ఒక తెల్లవారుజామున షట్టర్ ఎత్తగానే మోకాళ్ల దగ్గర వాసన తగిలింది, ముఖం దగ్గర ఏమీ లేదు. ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. మధ్యాహ్నానికల్లా ఆ అరకు అడుగు భాగంలో వేలు పట్టేంత రంధ్రాలు ఎనిమిది వేయించాం. అగ్గిని ఆర్పే పరికరం తలుపు పక్కనే ఉంచండి, పొయ్యి వెనుక ఉంచితే అవసరమైనప్పుడు చేయి అందదు.

ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కష్టమా?

ఉన్న నాలుగింటిలో ఇదే తేలిక. 2011 నాటి నిబంధనలు ఏడాది టర్నోవరు 12 లక్షల రూపాయలు దాటని వ్యాపారాన్ని చిన్న ఆహార వ్యాపారంగా లెక్కగట్టి, ఏడాదికి 100 రూపాయల రుసుముతో రిజిస్ట్రేషన్ చాలన్నాయి. అది దాటితే రాష్ట్ర లైసెన్సు కావాలన్నాయి. ఈ పరిమితులు మారుతుంటాయి, దరఖాస్తు చేసే రోజున ఆహార భద్రత లైసెన్సుల ఆన్‌లైన్ పోర్టల్ ఫాస్కాస్‌లోనే చూసుకోండి. మధ్యవర్తికి రెండు మూడు వేలు ఇవ్వాల్సిన పని కాదిది. సర్టిఫికెట్‌ను కిటికీ దగ్గర, కొనేవారికి కనబడేలా పెట్టండి.

తనిఖీకి వచ్చినవారు ఏం చూస్తారు?

నీళ్లు, నూనె, చేతులు, చెత్తబుట్ట. ఈ వరుసలోనే చూస్తారని నా అనుభవం.

నూనె సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎన్నిసార్లు కాచారన్న లెక్క కాదు, కాచే కొద్దీ నూనె చెడిపోయి అందులో పేరుకునే పోలార్ పదార్థాలు 25 శాతం దాటకూడదన్నది 2018 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన. కొలిచే చిన్న పరికరంతో అక్కడికక్కడే తేలుతుంది. పరికరం లేకపోయినా బజ్జీ వేసే చేతికి తెలుస్తుంది: నూనె చిక్కబడి, మూకుడు అంచున బంకలా పట్టి, తక్కువ మంట మీదే పొగ వస్తుంది. ఆ నూనెను మర్నాటి తాలింపుకు దాచకండి.

వార్తాపత్రికలో బజ్జీలు చుట్టి ఇవ్వడం నిషిద్ధం. అచ్చు సిరా ఆ వేడి నూనెతో పాటు కడుపులోకి వెళుతుంది. ఒక్కసారి వాడే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, చెంచాలు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధంలో ఉన్నాయి. విస్తరాకు, అరటాకు ముక్క మన చేతిలోనే ఉండగా వాటి కోసం వెతుక్కోవడమెందుకు?

ఇక మయోనైజ్. హైదరాబాద్‌లో మోమోలు తిన్నవారు అస్వస్థతకు గురై, ఒక మహిళ మరణించిన తర్వాత, 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. నిషేధం ఉన్నా లేకపోయినా, ఎండలో నిలబడే ట్రక్కులో పచ్చి గుడ్డుతో చేసిన పదార్థం ఉంచవద్దని నా గట్టి మాట. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో రేకు బండి లోపల మనిషే నిలబడలేడు.

మురుగు నీళ్లు ఎక్కడ పోయాలి?

వాననీటి కాలువలో పోయకూడదు. తాగునీటి ట్యాంకుకు కనీసం సమానమైన మురుగు ట్యాంకు అడుగున బిగించుకుని, రాత్రికి ఇంటి దగ్గర మురుగు లైన్‌లో వదలండి. చుట్టుపక్కలవారి ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం వాసన గురించే వస్తాయి.

జనం గుమిగూడి ట్రాఫిక్ ఆగితే తప్పు ఎవరిది?

2024 జనవరిలో హైదరాబాద్‌లోని మాదాపూర్‌లో రోడ్డు పక్కన భోజనం అమ్మే ఒక మహిళ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. సామాజిక మాధ్యమాల వల్ల పేరొచ్చి జనం విరగబడ్డారు, వాహనాలు ఆగిపోయాయి, ట్రాఫిక్ పోలీసులు ఆమెను అక్కడ అమ్మవద్దన్నారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యం చేసుకున్నాక మళ్లీ అక్కడే వ్యాపారం సాగింది. ఆమెకు మేలు జరిగినందుకు నాకు సంతోషమే. కానీ ముఖ్యమంత్రి వరకు గోడు చేరని వేలమందికి ఏది దిక్కు? ఒక బండి ఎక్కడ నిలబడాలో తేల్చాల్సింది కమిటీ, పటం, వేళలు. వాహనాలు నిలిపే చోటు చూడకుండా బండికి చోటిస్తే ఎవరు అమ్మినా ట్రాఫిక్ ఆగుతుంది.

అదే నగరంలో 2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపి, దారిని జనానికి వదిలారు. తినుబండారాల బండ్లకూ అక్కడ చోటు దొరికింది. చోటు, వేళ ముందే చెప్పడంతో వచ్చేవారికీ అమ్మేవారికీ ఇబ్బంది లేకపోయింది.

మునిసిపల్ సిబ్బంది బండిని, సామానును ఎత్తుకెళ్లారు. ఏం చేయాలి?

ముందు జాబితా అడగండి. స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా తయారుచేసి, అధీకృత వ్యక్తి సంతకంతో ప్రతి మీకివ్వాలని వీధి వ్యాపారుల చట్టంలోని 19వ సెక్షన్ చెబుతుంది. పాడైపోయే సరుకును మీరు అడిగిన రోజే తిరిగివ్వాలి. పాడవనివి అడిగిన తర్వాత రెండు పనిదినాల్లోగా ఇవ్వాలి.

మాకు ఒకసారి ఇలాగే జరిగింది. ఊరు, కార్యాలయం పేరు చెప్పను. ఉదయం ఏడున్నరకు తోపుడు బండిని ట్రాక్టరు ట్రాలీలోకి ఎక్కించారు. రెండు స్టీలు బిందెల ఇడ్లీ పిండి, ఒక గిన్నెడు అల్లం పచ్చడి, పొయ్యి మీద ఇడ్లీ పాత్రలో అప్పుడే ఉడుకుతున్న వాయి. కాగితం అడిగితే ‘బండి ఒకటి, సామాను’ అని రాసిచ్చారు. ఆ రెండు మాటల్లో బిందెలూ లేవు, పొయ్యీ లేదు. సాయంత్రం వెళితే బండి ఉంది, బిందె ఒకటే ఉంది, పిండి పులిసి పొంగి పక్కకు కారి ఎండిపోయింది. మా అమ్మ ఆ బిందెను అక్కడే కుళాయి కింద కడుక్కుంది. మర్నాడు పిండికి మినపప్పు అప్పు తెచ్చుకున్నాం. జాబితా అనేది ఎందుకో ఆ రోజు తెలిసింది. అప్పటి నుంచి రోజూ బండి తెరవగానే లోపలి సామాను ఫోనులో ఒక ఫొటో తీసేవాళ్లం. మీరూ తీయండి.

ధ్రువపత్రం ఉన్నవారిని ఖాళీ చేయించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసు గడువు దాటినా కదలకపోతే రోజుకు 250 రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. ధ్రువపత్రం లేకుండా, లేదా షరతులకు విరుద్ధంగా అమ్మితే తప్పుకు 2,000 రూపాయల వరకు. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు అప్పటికే ఉన్న వ్యాపారులను తొలగించకూడదన్న రక్షణా ఉంది. ఇవన్నీ వీధి వ్యాపారికి వర్తిస్తాయి. మోటారు బండి నిషేధిత స్థలంలో నిలిపితే ట్రాఫిక్ చలానా విడిగా పడుతుంది, బండిని లాక్కెళ్లే అధికారమూ మోటారు వాహనాల చట్టం కింద విడిగా ఉంది. తోపుడు బండికి లేని ఈ రెండో భయం ట్రక్కుకు ఉంది.

పక్కనున్న హోటల్ యజమాని ఫిర్యాదు చేస్తే మమ్మల్ని పంపించేస్తారా?

2014 చట్టంలో హోటల్‌కు ఇన్ని అడుగుల దూరం ఉండాలన్న నియమం లేదు. అమెరికాలో షికాగో నగరం ఇలాంటి నియమం పెట్టింది: హోటల్‌కు 200 అడుగుల లోపు ఫుడ్ ట్రక్ నిలపకూడదు, ట్రక్కు ఎక్కడుందో తెలియడానికి జీపీఎస్ ఉండాలి. అది కోర్టుకెక్కితే 2019లో ఇల్లినాయ్ రాష్ట్ర సుప్రీంకోర్టు నగరం పక్షానే తీర్పు చెప్పింది. అక్కడ ట్రక్ పెట్టాలనుకునే మనవాళ్లు ఊరూరికీ మారే ఈ దూరాలను ముందుగా కనుక్కోవాలి.

హోటల్‌వారి బాధను నేను కొట్టిపారేయను. అద్దె, ఆస్తి పన్ను, కరెంటు వాణిజ్య రేటు కడతారు. కానీ వారి ద్వారానికి అడ్డం కాకుండా, చెత్త వేయకుండా నిలబడితే, ‘మా గిరాకీ తగ్గింది’ అన్న ఒక్క కారణం మిమ్మల్ని తొలగించడానికి చాలదు. వీధిలో వ్యాపారం చేసుకోవడం సహేతుకమైన ఆంక్షలకు లోబడిన ప్రాథమిక హక్కేనని 1989లో సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ప్రైవేటు స్థలంలో పెట్టుకుంటే గొడవ ఉండదా?

చాలావరకు తగ్గుతుంది. యజమానితో రాతపూర్వక ఒప్పందం, దాని మీద మునిసిపల్ ట్రేడ్ లైసెన్సు తీసుకోండి. కొనేవారి బండ్లు రోడ్డు మీదికి రాకుండా స్థలం ఉండాలి. పెట్రోల్ బంకు ఆవరణలో పొయ్యి వెలిగించే ఆలోచన మాత్రం వద్దు, ఎవరు పిలిచినా.

జాతీయ రహదారి పక్కన? రైల్వే స్టేషను దగ్గర?

జాతీయ రహదారి భూమిని అనుమతి లేకుండా ఆక్రమించడం 2002 నాటి చట్టం కింద తప్పు, మునిసిపాలిటీ కార్డు అక్కడ పనిచేయదు. రైల్వే స్థలాలకు వీధి వ్యాపారుల చట్టమే వర్తించదు.

జీఎస్టీ కట్టాలా?

ఏడాది టర్నోవరు 20 లక్షల రూపాయలు దాటితే నమోదు కావాలి.

ప్రభుత్వ రుణం వస్తుందా?

ట్రక్కు కొనడానికి సరిపోయేంత కాదు. వీధి వ్యాపారుల కోసం 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి పథకంలో విడతలవారీగా రుణమిస్తారు. 2025లో సవరించాక తొలి విడత 15,000, రెండోది 25,000, మూడోది 50,000 రూపాయలు. సకాలంలో తీరిస్తే 7 శాతం వడ్డీ రాయితీ. గుర్తింపు కార్డు గాని, మునిసిపాలిటీ సిఫారసు లేఖ గాని కావాలి. పాత్రలకు, సరుకుకు ఆసరా అవుతుంది.

మా పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీయే లేదు, ఎక్కడ అమ్మవచ్చో చూపే ప్రాంతాల పటం లేదు. అడిగితే ఎవరూ చెప్పడం లేదు. ఏం చేయాలి?

రాతలో అడగండి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో దరఖాస్తు పెట్టండి. కమిటీ ఎప్పుడు ఏర్పడింది, చివరి సమావేశం తీర్మానాలేమిటి, చివరి సర్వే ఎప్పుడు జరిగింది, మూడు రకాల ప్రాంతాల జాబితా ఏది అని నాలుగు ప్రశ్నలు చాలు. 30 రోజుల్లో జవాబు రావాలి. పటం లేకుండా బండ్లు తీసుకెళ్లే పట్టణంలో ఈ దరఖాస్తుకు బరువుంటుంది. ఒంటరిగా కాకుండా మీ వీధిలోని పదిమంది కలిసి, ఒక్కొక్కరు ఒక్కో దరఖాస్తు పెట్టండి. దరఖాస్తు అందినట్టు నకలు మీద ఇన్‌వార్డు ముద్ర వేయించుకోవడం మరచిపోకండి. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆర్సీ పక్కనే, బండిలో ఉంచండి.